ల్యాబ్‌లో వదిలేసిన కొలత

రామసముద్రం వైపు పెళ్లిళ్లలో పట్టుచీరలకు మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాలు ఎంతో దూరం కాదు. నూలు, జరీ, అద్దకం తెలిసిన జనం మధ్య ఫోటోలో చీర రంగు మారితే దాగదు. రాణీ పింకు ఎర్రబడినా, ఎంఎస్ బ్లూ ఊదాకు తిరిగినా ఆల్బమ్ తెరవగానే ఆడవాళ్లు పట్టేస్తారు. ఫోటోగ్రాఫర్ ల్యాబ్‌ను తిడతాడు, ల్యాబ్‌వాళ్లు ఫైలే అలా వచ్చిందంటారు. మధ్యలో ఉన్న మానిటర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

హైదరాబాద్‌లో ఆరో నిజాం దగ్గర రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీసిన కాలంలో ఈ తగువే లేదు. దర్బారైనా దండైనా గోధుమ ఛాయలో వచ్చేది, అంతే. తర్వాత స్టూడియోల్లో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల మీద చేత్తో రంగులద్దడం వచ్చింది. చీర ఏం రంగని ఇంటివాళ్లను అడిగి, దూది చుట్టిన పుల్లతో పల్చగా పూసేవారు. అద్దినవాడి మాటే రంగు.

1963లో ‘లవకుశ’ గేవాకలర్‌లో వచ్చి, తెలుగు సినిమాను తొలిసారి పూర్తి రంగుల్లో చూపించింది. మామూలు ఇళ్ల ఫోటోలకు రంగు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతి ప్రపంచమంతా పాకాక, చిన్న పట్టణాలకూ మినీ ల్యాబ్‌లు వచ్చాకే పెళ్లి ఆల్బమ్ పూర్తిగా కలర్ అయింది.

ఆ మినీ ల్యాబ్ దగ్గర కాస్త ఆగాలి. ఆపరేటర్ నెగటివ్ చూసి యెల్లో, మెజెంటా, సయాన్, డెన్సిటీ మీటలు నొక్కడం అందరికీ కనిపించేది. కనిపించని పని పొద్దున్నే అయిపోయేది. కంపెనీ ముందే వెలుగు చూపించి పంపిన కంట్రోల్ స్ట్రిప్ అనే చిన్న ఫిల్మ్ ముక్కను మెషిన్‌లో కడిగి, డెన్సిటోమీటర్‌తో చదివి, ఆ అంకెల్ని చార్టులో గుర్తుపెట్టేవారు. గీత హద్దు దాటిందంటే మందుల వేడో పాళ్లో తప్పిందని అర్థం. అది సరిచేసేదాకా, పద్ధతిగా నడిచే ల్యాబ్‌లో గిరాకీ ఫిల్మ్ మెషిన్ ఎక్కేది కాదు. ఆపరేటర్ కన్ను ఎంత గట్టిదైనా రోజు మొదలయ్యేది కొలతతోనే. ఆ కొలతలూ మచ్చలేనివి కావు లెండి. కొడాక్ ల్యాబ్‌లకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి యువతి ముఖమే ఉండేది. మన చామనఛాయకు ఆ బొమ్మ ఏం దారి చూపుతుంది?

డిజిటల్ కెమెరా వచ్చాక కరెక్షన్ పని ల్యాబ్ నుంచి స్టూడియో బల్ల మీదికి మారింది. ఫోటోషాప్ వచ్చింది, కరిజ్మా ఆల్బమ్ వచ్చింది. కంట్రోల్ స్ట్రిప్ మాత్రం ల్యాబ్‌లోనే ఉండిపోయింది. ఇప్పటి మానిటర్ ప్రొఫైల్ గొడవలన్నీ ఆ ఒక్క లోటు నుంచి వచ్చినవేనని నా నమ్మకం.

బయటి ప్రపంచం కొలతను మరిచిపోలేదు. మనిషి కన్ను రంగును చూసే తీరును 1931లోనే సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ అంకెల్లో పెట్టింది. 1993లో యాపిల్, అడోబీ, కొడాక్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు కలిసి ఐసీసీ అనే రంగుల కూటమి పెట్టుకుని ప్రొఫైల్‌కు ఒకే రూపం ఇచ్చాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని ప్రతిపాదించాయి. 1998లో ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీ వచ్చింది.

ప్రొఫైల్ మానిటర్‌కు జాతకం లాంటిది. ఏ అంకె ఇస్తే ఈ తెర ఏ రంగు చూపుతుందో అందులో రాసి ఉంటుంది. ఫోటోషాప్ దాన్ని నమ్మి అంకెలు సవరించి తెరకు పంపుతుంది. ఇంకొకరి జాతకం తగిలించారా, తెల్లపంచె పసుపెక్కుతుంది. విండోస్‌లో డ్రైవర్‌తోపాటు పనికిరాని ప్రొఫైల్ వచ్చి కూర్చుంటే జరిగేది ఇదే. ప్రొఫైల్ చదవని ప్రోగ్రామ్‌లో బాగున్న ఫోటో, చదివే ప్రోగ్రామ్‌లో పసుపుగా కనిపిస్తుంది. అది తెలియక పసుపు తగ్గించి సేవ్ చేస్తే ప్రింట్ నీలంగా వస్తుంది.

విరుగుడు కష్టమేం కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, మానిటర్‌ను ఎంచుకుని, సొంత సెట్టింగులు వాడతామని టిక్కు పెట్టి, ఉన్న ప్రొఫైల్‌ను తీసేసి ఎస్‌ఆర్‌జీబీని డిఫాల్ట్ చేయాలి. మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే అదీ పెట్టాలి. ఫోటోషాప్‌ను మూసి మళ్లీ తెరవాలి. నైట్ లైట్ ఆపాలి. మానిటర్ ప్రొఫైల్‌ను తెచ్చి ఫోటోషాప్ వర్కింగ్ స్పేస్‌లో పెట్టేవాళ్లున్నారు, అది పొరపాటు. అసైన్, కన్వర్ట్ ఒకటే అనుకోవడం మరో పొరపాటు. అసైన్ పాత అంకెలకు కొత్త అర్థం చెబుతుంది, కన్వర్ట్ అర్థం చెడకుండా అంకెలు మారుస్తుంది. అడోబీ ఆర్‌జీబీలో తీసిన ఫోటోను కన్వర్ట్ చేయకుండా ఎస్‌ఆర్‌జీబీ అడిగే ల్యాబ్‌కు పంపితే చీర వెలిసిపోయినట్టు వస్తుంది.

ఇక పెళ్లికూతుర్ని తెల్లగా చేయమనే కోరికకు ఏ ప్రొఫైలూ మందు కాదు.

2010లో బ్లాక్ అండ్ వైట్ ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు శశిరేఖ చీర అసలు రంగు ఇది కాదని అనేవాళ్లు ఎందరుంటారు? పెళ్లి ఆల్బమ్‌కైతే ఊరంతా సాక్షులే. చీర ఇంకా బీరువాలోనే ఉంటుంది.

ఎస్‌ఆర్‌జీబీ పెట్టడం వైద్యుడు వచ్చేలోపు చేసే సాయమే. ఏ రెండు తెరలూ ఒకలా ఉండవు, ఒకే తెర కూడా వాడేకొద్దీ మారుతుంది. అసలు పని క్యాలిబ్రేటర్‌ది. తెరకు ఆనించే ఆ చిన్న పరికరం వరసగా వచ్చే రంగుల్ని కొలిచి, ఆ మానిటర్‌కే చెల్లే ప్రొఫైల్ రాసిపెడుతుంది. వెలుగును చదరపు మీటరుకు 100–120 క్యాండెలాల దగ్గర, తెలుపును 6500 కెల్విన్ దగ్గర నిలిపి కొలిస్తే, ప్రింట్ నల్లగా వచ్చిందనే ఫిర్యాదు కూడా చాలావరకు పోతుంది. మళ్లీ నెలకోసారి కొలిస్తే చాలు కాబట్టి మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం స్టూడియోలవాళ్లు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకోవచ్చు.