ఉకాయ్ నుంచి లింబాయత్ దాకా ఒకే పటం

2006 ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వెళ్లి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీలకు అది నూలి పున్నమి, కొత్త జంధ్యాలు వేసుకునే రోజు. ఆ ఏడు పండగనాటికి నగరం ముప్పావు వంతు మునిగి ఉంది. ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో తపతి మీద ఉన్న ఉకాయ్ ఆనకట్ట నుంచి ఒక దశలో తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పున్నమి పోటు మీదున్న సముద్రం ఆ నీటిని తొందరగా తీసుకోలేదు. నగరంలోని రాందేర్, అడాజణ్ పేటల వాసులు మేడల మీదే రోజులు గడిపారు.

జలాశయాన్ని వర్షాకాలం నడుమనే అంతగా ఎందుకు నింపి ఉంచారన్న విమర్శ అప్పుడు గట్టిగా వచ్చింది, రావలసిందే. అయితే నన్ను ఇంకో ప్రశ్న వదలదు. ఆనకట్ట దగ్గర ఇంజనీరుకు ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నాడో తెలుసు. కార్పొరేషన్‌కు ఏ వార్డులో ఎవరుంటారో తెలుసు. కానీ రాందేర్‌లోని ఇల్లాలికి తెలియాల్సింది ఒక్కటే: మా గుమ్మంలోకి ఎంత లోతు వస్తుంది, ఎప్పటికి వస్తుంది? క్యూసెక్కుల లెక్కను మోకాలి లోతు లెక్కగా మార్చి చెప్పగలిగిన వాళ్లు ఆ రోజున ఒక్కరూ లేరు. ఎందుకంటే అందుకు కావలసిన పటాలు ఒక చోట లేవు.

తపతి మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా 724 కిలోమీటర్లు నడిచి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. వాన అంచనా వాతావరణ శాఖది. నదిలో నీటిమట్టాల కొలతలు కేంద్ర జల సంఘానివి. ఆనకట్ట రాష్ట్ర జలవనరుల శాఖది. నగరం కార్పొరేషన్‌ది, చుట్టూ పెరుగుతున్న శివారు 1978లో ఏర్పడిన సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ, సూడాది. ఇంకా అవతల ఊళ్లు పంచాయతీలవి. పైగా హద్దులు కూడా నిలకడగా లేవు. 112 చదరపు కిలోమీటర్ల కార్పొరేషన్ వరద వచ్చిన 2006లోనే 326కి పెరిగింది, 2020లో 460 దాటింది. నిన్నటి పంచాయతీ ఇవాళ వార్డు.

ఈ తరహా చిక్కు నుంచే జీఐఎస్, అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ, పుట్టింది. 1960ల మొదట్లో కెనడా ప్రభుత్వం దేశమంతటి భూముల తీరు లెక్కగట్టాలనుకుంది. నేలల పటం ఒకటి, అడవుల పటం ఒకటి, సాగు పటం ఒకటి. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చేత్తో కొలవాలంటే మనుషులూ చాలరు, డబ్బూ చాలదు. రోజర్ టామ్లిన్‌సన్ అనే భూగోళవేత్త ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించే దారి చూపాడు. యంత్రం ఆ చిక్కు విప్పింది. పటం ఎవరిది, పక్కవాడికి ఎందుకివ్వాలి అన్న చిక్కును మాత్రం మనుషులకే వదిలింది.

సూరత్‌కు సాధనాల కొరత లేదు. ఉపగ్రహ చిత్రాలతో పటాలు చేసే కేంద్రం గాంధీనగర్‌లో 1997 నుంచే ఉంది, తర్వాత భాస్కరాచార్య పేరుతో ప్రసిద్ధమైంది. వార్డువారీగా సమాచారం చూసుకునే అలవాటు కూడా ఉంది. 1994 ప్లేగు తర్వాత కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, అదే ఎస్.ఆర్. రావు, అధికారులను రోజూ వీధుల్లోకి నడిపించి ఆ అలవాటు నాటి వెళ్లారు. లేనిదల్లా అందరూ కూర్చునే బల్ల.

ఆ బల్ల 2012లో వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాతావరణ మార్పుకు తట్టుకునే ఆసియా నగరాల కార్యక్రమం మొదలుపెట్టి, మన దేశం నుంచి మొదట ఎంచుకున్న మూడింటిలో సూరత్‌ను చేర్చింది. మిగతా రెండూ ఇండోర్, గోరఖ్‌పూర్. ఆ పనిలోంచి సూరత్ క్లైమేట్ చేంజ్ ట్రస్ట్ ఏర్పడింది. కార్పొరేషన్, రాష్ట్ర శాఖలు, స్థానిక ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఎస్‌వీఎన్‌ఐటీ, దక్షిణ గుజరాత్ వాణిజ్య మండలి, తరు అనే సలహా సంస్థ అందులో కలిశాయి. నగరంలో మునిగిన సరుకు వర్తకులదీ మిల్లుల వాళ్లదీ కాబట్టి మండలి రాక సహజమే. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ ట్రస్టే. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేని చోట, ఎవరి లెక్క వాళ్లు తెచ్చి పక్కవాడి లెక్కతో కలపడానికి ఒక చోటు కావాలి కదా.

కలపడం మాటలు కాదు. ఒకే నేల ముక్కకు రెవెన్యూ రికార్డులో సర్వే నంబరు ఉంటుంది, టౌన్ ప్లానింగ్ స్కీమ్ వచ్చాక ఫైనల్ ప్లాట్ నంబరు వస్తుంది, ఇంటిపన్నుకు మరో నంబరు పడుతుంది. నేల ఎత్తులు అందరూ ఒకే సముద్రమట్టం నుంచి కొలవకపోతే వరద పటం అబద్ధమాడుతుంది. సూరత్ లాంటి చదును నేల మీద అడుగు తేడా వస్తే వీధులకు వీధులే లెక్క తప్పుతాయి.

ఆ పనంతా చేశాక తయారైన హెచ్చరిక వ్యవస్థ ఇలా నడుస్తుంది: పరీవాహకంలో పడబోయే వాన అంచనా నుంచి ఉకాయ్‌కు చేరే నీరు, దాన్నిబట్టి వదలబోయే నీరు, దాన్నిబట్టి నగరంలో ఏయే చోట్ల ఎంత లోతు. ఇంత విడుదలైతే ఈ వీధులు అని పటం ముందే చెబుతుంది. గంటల ముందు తెలిసే చోట రెండు మూడు రోజుల ముందు సిద్ధపడే వీలు కలిగింది. 2013 సెప్టెంబరులో ఉకాయ్ నుంచి మళ్లీ భారీగా నీరు వదలాల్సి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు అక్కరకొచ్చింది.

ఇది తపతి సంగతి. లింబాయత్ సంగతి వేరు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతాన్ని తరచూ ముంచేవి ఖాడీలు, అంటే వాగులు. మీఠీ ఖాడీ వంటివి నగరం బయట పల్సానా, కడోదరా, బార్డోలీ వైపు కురిసిన వానను మోసుకొస్తాయి. 2020 ఆగస్టులో పొంగాయి, 2025 జూన్‌లో మళ్లీ పొంగాయి. వీటి మీద ఉకాయ్ లాంటి తలుపులు లేవు, వదిలేముందు ఫోన్ చేసే ఇంజనీరూ లేడు. ఇక్కడ పటం పంచుకోవాల్సింది పెద్ద శాఖలు కావు. తాలూకా పంచాయతీలు, చిన్న మునిసిపాలిటీలు, సూడా, కార్పొరేషన్. వాళ్లలో కొందరి దగ్గర జీఐఎస్ తెలిసిన ఉద్యోగి కూడా ఉండడు. పెద్ద కార్పొరేషన్ తన సర్వర్‌నూ మనుషులనూ పక్క పంచాయతీలకు ఉచితంగా వాడుకోనివ్వడమే సరైన దారని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ల వాగు కొలతలతో ముందుగా బాగుపడేది నగరమే.

పటాల మీద పాత ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో చాలావరకు ఎత్తేసింది. 2024 సెప్టెంబరులో సూరత్, భరూచ్, నవ్‌సారి, వల్సాడ్, తాపీ, డాంగ్ జిల్లాలను ఒక ఆర్థిక ప్రాంతంగా చూసే ప్రణాళిక విడుదలైంది. ఉకాయ్ ఉన్నది తాపీ జిల్లాలోనే, ఖాడీలకు నీరొచ్చే ఊళ్లూ ఈ పరిధిలోవే. ఆ ప్రణాళికకు వేసే పటాల్లో రోడ్లు, పరిశ్రమలతోపాటు పంచాయతీ బాటల కింద ఉన్న తూముల వెడల్పు, వాగు గట్ల ఎత్తు, పూడిన మేర కూడా ఎక్కాలి. లింబాయత్‌లో మరమగ్గాల కిందికి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పేవి ఆ కొలతలే.