కొండ వాసన, అబ్కారీ హద్దు: హిమాలయ జిన్ నుంచి రంప మన్యం వరకు

2018లో భారతీయ విపణిలోకి వచ్చిన ‘హపుసా’ అనే జిన్ తనను హిమాలయాల పానీయంగా పరిచయం చేసుకుంది. ఆనంద్ విర్మానీ, వైభవ్ సింగ్ స్థాపించిన నావో స్పిరిట్స్ సంస్థ దీని తయారీదారు. జిన్‌కు ప్రాణమైన జునిపర్ కాయను యూరప్ నుంచి తెప్పించుకోకుండా హిమాలయ సానువుల నుంచి సేకరించడం దీని విశిష్టత. అంతకు ముందు ఏడాది ఇదే సంస్థ తెచ్చిన ‘గ్రేటర్ దాన్’ జిన్‌లో వాడింది మాసిడోనియా జునిపర్. ఏడాది తేడాలో ఒక కొండ స్థానంలోకి మరొక కొండ వచ్చింది. అయితే కాయ హిమాలయాలది, బట్టీ గోవాలోది. సముద్రతీరంలో తయారైన పానీయం పర్వతం పేరుతో చలామణి కావడం వెనుక వృక్షశాస్త్రమూ వ్యాపారమూ ఎంత ఉన్నాయో, మద్యంపై రాజ్యాధికారపు చరిత్ర కూడా అంతే ఉంది. ఆ చరిత్రలో తెలుగు మన్యానికి ఒక ముఖ్యమైన స్థానం ఉంది.

‘హపుష’ సంస్కృత నామం. చరక సంహిత గుల్మ చికిత్సాధ్యాయంలో హపుషాద్య ఘృతం కనిపిస్తుంది. ఆయుర్వేద వ్యాఖ్యాతలు సాధారణంగా దీనిని జునిపర్‌గానే గుర్తిస్తారు. జునిపర్ దేవదారు, సరళ వృక్షాల మాదిరి శంకువులు కాసే జాతికి చెందిన పొద. వాడుకలో పండు అంటున్నా అది నిజానికి కండపట్టిన శంకువు. పక్వానికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కనుక ఒకే కొమ్మ మీద పచ్చి కాయలూ ముదురు నీలి కాయలూ కలిసి ఉంటాయి. ఏరేవారి కంటికీ చేతికీ అందుకే అంత విలువ. లదాఖ్, లాహుల్ ప్రాంతాలలో జునిపర్ జాతులకు ‘శుక్పా’ అని పేరు. ఆ ఆకును ఇళ్లలో, బౌద్ధ విహారాలలో ధూపంగా వేస్తారు. అంటే కొండ ప్రజలకు ఈ మొక్క మొదట పొగ, ఔషధం. మద్యంతో దానికి ముడి పడింది వేరే ఖండంలో.

ఆ ముడి వేసినది నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల వారు. ధాన్యపు సారాలో జునిపర్ కలిపి ‘యెనెవర్’ చేశారు. ఇంగ్లండుకు చేరేసరికి ఆ మాట కుదించుకుని జిన్ అయింది. 18వ శతాబ్ది లండన్ పేదవాడలలో అది సృష్టించిన కల్లోలం 1736, 1751 జిన్ చట్టాలకు దారి తీసింది. హోగార్త్ ‘జిన్ లేన్’ చిత్రం 1751 నాటిదే. 1830 దశకంలో ఏనియస్ కాఫీ నిరంతర బట్టీ వచ్చాక వాసనలేని శుద్ధ మద్యసారం చౌకగా, పెద్దమొత్తంలో లభించింది. జిన్ పూర్తిగా నగర కర్మాగారపు సరుకైంది. కొండ పొద వాసన మిగిలింది గాని, కొండ కనిపించకుండా పోయింది. చిన్న రాగి బట్టీలకు అనుమతి ఇవ్వని బ్రిటిష్ పన్నుల శాఖ ఆనవాయితీని 2009లో సిప్‌స్మిత్ సంస్థ లైసెన్సు సాధించి మార్చింది. నేడు ‘క్రాఫ్ట్ జిన్’ అంటున్న ధోరణికి ఊపు అక్కడినుంచే వచ్చింది. గుర్తించవలసిన విషయం ఏమంటే, ఈ పునరుజ్జీవనానికి తలుపు తెరిచింది రుచి కాదు, లైసెన్సు.

కొండ నిజంగా సీసాలోకి వస్తుందా? కొంతవరకు వస్తుంది. జునిపర్ తైలంలో ప్రధానమైన ఆల్ఫా పైనీన్ అనే రసాయనమే సరళ వృక్షాల జిగురుకూ ఆ వాసననిస్తుంది. మద్యసారంలో కాయలను నానబెట్టి రాగి బట్టీలో వేడిచేస్తే ఆ తైలాలు ఆవిరితో లేచి, చల్లబడి ద్రవంలో దిగుతాయి. తొలిధార, తుదిధార వేరుచేసి నడిమిధారను నిలుపుకోవడంలోనే తయారీదారు నేర్పు ఉంది. సీసా మూత తీయగానే సరళవనం గుర్తుకు రావడానికి కారణం ఇదే. దానిని ప్రచారపు కల్పనగా కొట్టివేయనవసరం లేదు. కాని హపుసాలో జునిపర్‌తో పాటు పసుపు, మామిడి, బెంగాల్ గంధరాజ నిమ్మ కూడా ఉన్నాయి. అవి మైదానాల పంటలు. పర్వతం ఇక్కడ ఒక ప్రధాన స్వరం మాత్రమే, మిగిలినది దేశం నలుమూలల కూర్పు.

బట్టీ కొండమీద కాక గోవాలో ఉండటానికి రాజ్యాంగంలో ఒక కారణం కనిపిస్తుంది. ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితా 8వ అంశం మత్తు పానీయాల తయారీని, 51వ అంశం వాటిపై సుంకాన్ని రాష్ట్రాలకు అప్పగించాయి. అందుచేత ప్రతి రాష్ట్రమూ మద్యం దృష్ట్యా ఒక ప్రత్యేక దేశం. ఎక్సైజు నిబంధనలు అనుకూలంగా ఉన్నచోట చిన్న బట్టీలు వెలుస్తాయి. ఇంకొక విశేషం కూడా ఉంది. భారతీయ మద్యం సీసాల మీద తరచుగా కనిపించే 42.8 శాతం అనే విచిత్రమైన అంకె బ్రిటిష్ ‘ప్రూఫ్’ కొలమానంలో 75 డిగ్రీలకు సమానం. హిమాలయాల పేరు పెట్టుకున్నా, తమిళ పేరు పెట్టుకున్నా, వలస పాలకుల సుంకపు గజంబద్ద సీసా లోపలే ఉంది.

ఆ గజంబద్ద తెలుగు కొండలలో ఏం చేసిందో 1879 చెబుతుంది. గోదావరి జిల్లా రంప మన్యంలో కోయలు, కొండరెడ్లు జీలుగు చెట్ల కల్లు తమకోసం తామే గీసుకునేవారు. వేసవి కరువు నెలల్లో అది వారికి పానీయమే కాదు, ఆహారం కూడా. మన్సబుదారు మొదలుపన్ను, చిగురుపన్ను అనే పేర్లతో కల్లుపై వసూళ్లు పెంచాడు. కొత్త అబ్కారీ నిబంధన ఇంటి అవసరానికి కల్లు గీయడాన్ని కూడా నిషేధించింది. గీత హక్కులు మైదానపు గుత్తేదారుల చేతికి వెళ్లాయి. మార్చి 1879లో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి వారి నాయకత్వంలో అది భద్రాచలం, విశాఖ మన్యాలకు పాకింది. 1880లో గాని పూర్తిగా అణగలేదు. విచారణ జరిపిన ప్రభుత్వం మన్సబుదారును తప్పించి ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటంలో 1839 నుంచి 1924 వరకు గూడెం, రంప తిరుగుబాట్లను ఒకే పరంపరగా చదివారు. ఆ పరంపరలో అటవీ చట్టాలకు దక్కిన పరిశీలన కల్లుకు దక్కలేదని చెప్పవచ్చు. తెలుగులో అల్లూరి సీతారామరాజుపై వెలువడిన రచనల రాశితో పోలిస్తే ‘చిగురుపన్ను’ అనే మాట చరిత్ర పాఠాలలో దాదాపు వినిపించదు.

రంప ఒంటరి ఉదాహరణ కాదు. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892 నాటి మౌరా చట్టం కొన్ని ప్రాంతాలలో ఇప్పపువ్వును పోగుచేసి ఉంచుకోవడంపైనే ఆంక్షలు పెట్టింది. రాలిన పువ్వునే నేరపు సరుకుగా చూసిన చట్టమది. స్వాతంత్ర్యానంతరం కూడా సారా అంటే నాటు, నాసిరకం, నేరం అనే అర్థాలు నిలిచాయి. దీనికి న్యాయమైన మరొక పార్శ్వం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఎత్తిపట్టిన సారా వ్యతిరేకోద్యమం, 1993 అక్టోబరు 1 నాటి సారా నిషేధం అనుభవాన్ని విస్మరించి కొండ పానీయాలను కీర్తించడం బాధ్యతారాహిత్యం. అయితే ఆ మహిళలు ఎదిరించింది ప్రభుత్వం వేలంపాటలో గుత్తకిచ్చిన ప్యాకెట్ సారాను. జీలుగు చెట్టు కింద పండగనాడు పంచుకునే కల్లు వేరు. అబ్కారీ పరిభాష రెండింటినీ ఒకే గాటన కట్టింది, పరిశోధకులు కట్టనవసరం లేదు.

ఇప్పసారాకు సైతం ఇటీవల గౌరవం దక్కడం మొదలైంది. 2018లోనే డెస్మండ్ నజరెత్ సంస్థ గోవాలో ‘డీజే మహువా’ను విడుదల చేసింది. 2021 నవంబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తిస్తామని ప్రకటించి, తయారీని ఆదివాసీ స్వయంసహాయక బృందాలకు అప్పగించే దారి పట్టింది. ఈ రెంటి మధ్య తేడా హిమాలయ జిన్‌కూ వర్తిస్తుంది. మొదటిదానిలో కొండవారు ముడిసరుకు ఏరేవారు, రెండవదానిలో బట్టీ యజమానులు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు, తగిన స్థాయి పంచాయతీలకు ఇవ్వాలని చెప్పింది. తయారీ లైసెన్సు మాత్రం ఎక్సైజు శాఖ చేతిలోనే ఉంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళా సంఘం ప్రస్తుతం ఇప్పపువ్వుతో లడ్డూలు తయారుచేసి అమ్ముతోంది.