ఆకాశమున తొలగు విధి



ఇరుకైన పుంతదారిలో రెండు బండ్లు ఎదురుపడినచో వట్టిబండి తొలగి బరువుబండికి దారి యిచ్చుట మన గ్రామములలో వాడుక. అందులకు శాసనము అక్కరలేదు. ఆకాశమున పుంతయు లేదు, గట్టును లేదు. అచ్చట ఎవరెవరికి తొలగవలెనను ప్రశ్నకు ప్రభుత్వములు సమాధానము వెదకిన చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

1919వ సంవత్సరమున పారిసు నగరమున పెక్కుదేశములవారు కూడి విమానయానమును గూర్చి ఒక ఒడంబడిక చేసికొనిరి. రెండు విమానములు ఎదురెదురుగా వచ్చినచో రెండును కుడివైపునకు తొలగవలెనని అందు విధించిరి. ఇది ఓడలవారి ఆచారము. మన బాటలపై బండ్లు ఎడమకు తొలగును గదా. ఆకాశమున మాత్రము మనదేశమునందును కుడివైపే విధి. కాని తొలగుటకు ముందు కనబడవలెను. 1922 ఏప్రిల్ 7వ తేదీన ఫ్రాన్సులోని పికార్డీ సీమలో దట్టమైన మంచునడుమ ఒక బ్రిటిషు విమానమును ఒక ఫ్రెంచి విమానమును ఢీకొని ఏడుగురు మరణించిరి. కన్ను పనిచేయని చోట కన్నును నమ్మి వ్రాసిన విధి యేమి చేయగలదు?

మనదేశమున 1934లో విమానచట్టమును, 1937లో దాని నియమావళియు ఏర్పడెను. 1944లో షికాగో నగరమున కుదిరిన ఒడంబడికపై భారతదేశము కూడ సంతకము చేసెను. నేటికిని లోకమందలి విమాననియమములకు ఆ ఒడంబడికయే మూలము. అయినను శాసనము ముందు నడచుట అరుదు. ఆపద ముందు నడచును, శాసనము దాని అడుగుజాడలను వెదకికొనుచు వెంట వచ్చును. అమెరికాలో 1956 జూన్ 30వ తేదీన గ్రాండ్ కాన్యన్ అను మహాగర్తముపైని రెండు ప్రయాణికవిమానములు ఢీకొని 128 మంది మరణించిన పిమ్మటగదా 1958లో అచ్చటి ప్రభుత్వము ఆకాశపర్యవేక్షణకై క్రొత్త చట్టము చేసి ప్రత్యేకసంస్థను నెలకొల్పినది!

ఇక మనదేశపు కథ. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము. ఢిల్లీనుండి సౌదీ అరేబియావారి బోయింగు విమానమొకటి 312 మందితో పైకి లేచెను. అందు కూలినాలి చేసికొనుటకు గల్ఫుదేశములకు పోవువారు పెక్కురు. మన కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ పల్లెలనుండియు ఏటేట అట్లే పోవువారున్నారు గనుక ఈ వృత్తాంతము మనకు పరాయిది కాదు. అదే సమయమున కజకస్థాను దేశపు విమానమొకటి 37 మందితో ఢిల్లీకి దిగివచ్చుచుండెను. ఆ దినములలో ఢిల్లీ చుట్టునుగల ఆకాశములో అధికభాగము సైనికవిమానములకు కేటాయింపబడి యుండుటచే వచ్చువారికిని పోవువారికిని ఒకే దారి. పైకి పోవుదానిని 14,000 అడుగులలో నిలువుమనియు, దిగివచ్చుదానిని 15,000 అడుగులలో నిలువుమనియు క్రిందినుండి అధికారి ఆజ్ఞాపించెను. రెంటినడుమ వేయి అడుగుల ఎడము. దిగివచ్చునది 15,000 అడుగులలో నిలువక ఇంకను క్రిందికి దిగెను. హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపమున రెండును ఢీకొనెను. 349 మందిలో ఒక్కరును మిగులలేదు. శకలములు పొలములలో పడెను.

న్యాయమూర్తి ఆర్. సి. లాహోటీ విచారణ జరిపిరి. కజకు సిబ్బంది తమకు విధించిన ఎత్తును దాటి దిగుటయే కారణమని తేలెను. ఆ విమానమున రేడియోలో ఆజ్ఞను విని మారుపలుకువాడొకడు, విమానము నడపువాడొకడు. పైగా ఆంగ్లము వారికి చక్కగా తెలియదు. దోషము వారిదే యనుటలో సందేహము లేదు. కాని ఒకే దారిలో రాకపోకలు రెండును నడపినవారెవరు? అప్పటి ఢిల్లీ రాడారు విమానమున్న చోటును చూపెనేగాని దాని ఎత్తును చూపలేకుండెను. ఈ లోపములు ఆకాశమువి కావు, నేలవి. ఆ పిమ్మట రాకకు పోకకు వేర్వేరు దారులు ఏర్పరచిరి. ఎత్తును తెలుపు రాడారును వినియోగములోనికి తెచ్చిరి. మనదేశమున తిరుగు పెద్దవిమానములు తాకిడిని నివారించు యంత్రమును తప్పక ధరింపవలెనని ఆజ్ఞాపించిరి. అమెరికాలో ఈ యంత్రమును నిర్బంధము చేయు చట్టము 1987లోనే పుట్టియుండెను.

ఆ యంత్రము ఎట్లు పనిచేయునో కొంచెము చెప్పెదను. అది చుట్టునున్న విమానములను రేడియోతరంగములతో ప్రశ్నించుచుండును. వానిలోని యంత్రములు తమ ఎత్తును తెలుపుచు బదులిచ్చును. రెండు విమానములు ప్రమాదకరముగా దగ్గరపడినచో, తాకిడికి కొలది సెకండ్లకు ముందు రెంటిలోని యంత్రములును తమలో తాము సమాధానపడి ఒకదానిని పైకి ఎక్కుమనియు, రెండవదానిని క్రిందికి దిగుమనియు కేక వేయును. చీకటియైనను మంచైనను దానికి లెక్క లేదు.

ఇందుతో చిక్కు తీరెననుకొనిరి; క్రొత్త చిక్కు పుట్టెను. యంత్రము ఎక్కుమనగా నేలపైనున్న అధికారి దిగుమన్నచో ఎవరి మాట వినవలెను? 2001 జనవరి 31వ తేదీన జపానులో సరిగా ఇదియే జరిగెను. ఒక చోదకుడు అధికారి మాట విని దిగెను. రెండవవాడు యంత్రము మాట విని తానును దిగెను. రెండు విమానములలో కలిపి 677 మంది వెండ్రుకవాసిలో బ్రతికిరి, నూరుమంది వరకు గాయపడిరి. ఆనాడే లోకమంతటికిని స్పష్టమైన నియమము వ్రాసియుండవలసినది. వ్రాయలేదు. 2002 జూలై 1వ తేదీ రాత్రి జర్మనీలోని ఉబెర్లింగెన్ పట్టణముపైని 36,000 అడుగుల ఎత్తున ఒక రష్యను విమానమును ఒక సరకువిమానమును ఎదురుపడెను. పర్యవేక్షించుచున్న అధికారి ఒక్కడే; అతడు రష్యను విమానమును దిగుమనెను. యంత్రము ఎక్కుమనెను. వారు అధికారి మాట వినిరి. సరకువిమానము యంత్రము చెప్పినట్లు దిగెను. 71 మంది మరణించిరి. వారిలో అధికులు బడిపిల్లలు, సెలవులకు స్పెయినుదేశమునకు పోవుచున్నవారు.

వ్యాకరణమున రెండు సూత్రములు ఒకే చోట ప్రవర్తింపబోయి పరస్పరము విరోధించినచో తరువాతి సూత్రమే బలీయమని పాణిని ఏనాడో నిర్ణయించియుంచెను. విధులు వ్రాయువాడు విరోధమును కూడ ముందుగా ఊహింపవలెను గదా! విమానశాస్త్రమున ఆ నిర్ణయము 2003లో స్పష్టపడెను. అధికారి ఆజ్ఞకు విరుద్ధమైనను యంత్రము చెప్పినట్లే నడువవలెననియు, ఆ సంగతిని వెంటనే అధికారికి తెలుపవలెననియు అంతర్జాతీయసంస్థవారు విధించిరి. యంత్రము చెప్పినదానికి ఎదురుగా మాత్రము ఎన్నడును నడుపరాదు.

మనదేశపు 1934 నాటి చట్టము తొంబది సంవత్సరములు నడచినది. పౌరవిమానయానమును పర్యవేక్షించు డైరెక్టరు జనరలు కార్యాలయమునకు చట్టబద్ధమైన ప్రతిపత్తి 2020లోని సవరణచేతగాని లభింపలేదు. పిదప 2024లో భారతీయ వాయుయాన అధినియమము వెలువడి, 2025 జనవరి 1వ తేదీనుండి ఆ పాతచట్టపు స్థానమున అమలులోనికి వచ్చెను. ఎదురెదురుగా వచ్చినచో కుడివైపునకు తొలగవలెనను 1919 నాటి విధి మాత్రము అంతర్జాతీయనియమములలో నేటికిని అట్లే యున్నది.