అమెరికా విమానచోదకుల హద్దు తగవు

అమెరికాలో ఒకే సంస్థ పేరు, రంగులు ధరించిన రెండు విమానములను వేర్వేరు సంస్థల చోదకులు నడుపుట సామాన్యము. ఇందుకు నేపథ్యము 1978 నాటి శాసనము. ప్రభుత్వ నియంత్రణము సడలిన పిమ్మట పెద్ద సంస్థలు చిన్న పట్టణముల ప్రయాణికులను తమ కేంద్రములకు చేర్చు పనిని, తక్కువ వేతనములిచ్చు ప్రాంతీయ సంస్థలకు విరివిగా అప్పగించినవి. అవి పంకాలతో నడచు చిన్న విమానములు కావున పెద్ద సంస్థల చోదకులు అంతగా కలవరపడలేదు.

1992లో 50 సీట్ల కెనడా జెట్టు వాడుకలోనికి వచ్చుటతో ఆ నిశ్చింత తొలగినది. 1997 ఫిబ్రవరి 15న అమెరికన్ ఎయిర్‌లైన్స్ చోదకులు సమ్మెకు దిగిరి. అనుబంధ సంస్థయగు అమెరికన్ ఈగిల్‌కు ఉద్దేశించిన జెట్లను తామే నడపవలెనని వారి కోరిక. అధ్యక్షుడు క్లింటన్, విమానయానమునకును వర్తించు రైల్వే కార్మిక శాసనము ననుసరించి, కొద్ది నిమిషములలోనే సమ్మెను నిలిపివేసెను. తుదకు జెట్లు ఈగిల్ చోదకులకే దక్కినవి. వాని సంఖ్యకు, పరిమాణమునకు హద్దు లేర్పడినవి.

2001లో ప్రాంతీయ చోదకుల వంతు వచ్చినది. డెల్టాకు చెందిన కామ్‌ఎయిర్ చోదకులు మెరుగైన వేతనములకై 89 దినములు సమ్మె చేసిరి. తరువాత పెద్ద సంస్థలు దివాలా తీయగా, చోదకుల సంఘములు హద్దులు సడలింపక తప్పలేదు. క్రమముగా అవి 76 సీట్లు, 86,000 పౌనుల బరువు వద్ద నిలిచినవి.

తమ వారి జీవనోపాధిని కాపాడుకొనుట సంఘధర్మమే. కాని హద్దునకు ఆవలి చోదకుడును అదే ఆకాశమున, అదే బాధ్యతతో, చిరకాలము తక్కువ జీతమునకు పనిచేసెను. హద్దు సీట్లను లెక్కించినది గాని, ఆ బాధ్యతను లెక్కింపలేదు.