వార్డు మెంబరు లేని ఊరు: మందమర్రిలో సర్కారు అధికారం పెరిగిన తీరు

2020 జనవరి 22న తెలంగాణలో 120 మున్సిపాలిటీలకు పోలింగు జరిగింది. మంచిర్యాల, బెల్లంపల్లి, చెన్నూరు, నస్పూర్, లక్సెట్టిపేట జనం ఓటేశారు. మందమర్రిని ఆనుకుని ఉన్న క్యాతన్‌పల్లిలోనూ పాలకవర్గం ఏర్పడింది. మందమర్రికి మాత్రం నోటిఫికేషనే రాలేదు. పాల్వంచ, మణుగూరులకూ రాలేదు. మూడూ ఏజెన్సీ పరిధిలో పడిన పారిశ్రామిక పట్టణాలు. మందమర్రిలో 50 వేల పైచిలుకు జనం ఉన్నారు. పాతికేళ్లకు పైగా ఇక్కడ ఎన్నికైన పాలకవర్గం లేదు. కమిషనర్ ఉంటాడు, ప్రత్యేకాధికారి ఉంటాడు, ఇంటి పన్ను నోటీసు ఠంచనుగా వస్తుంది.

ఇదే ఊరి మనిషి చెన్నూరు ఎమ్మెల్యేకు ఓటేస్తాడు, పెద్దపల్లి ఎంపీకి ఓటేస్తాడు. సింగరేణి కార్మికుడైతే 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికల్లో రహస్య బ్యాలెట్ కూడా వేస్తున్నాడు. చివరిసారి 2023 డిసెంబర్ 27న వేశాడు. తన గల్లీలో మోరీ నిండిపోతే నిలదీయడానికి మాత్రం తాను ఎన్నుకున్న మనిషి లేడు.

ప్రభుత్వం ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది స్వేచ్ఛావాదుల మూల ప్రశ్న. తెలుగువారిలో ఆ ప్రశ్నను రాజకీయ వేదిక మీద గట్టిగా వేసినవాడు నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ మహాసభ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. రైతు చేతి నుంచి భూమి జారిపోతుందని రంగా ఎదురు తిరిగారు, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. లైసెన్సు, పర్మిట్ల రాజ్యం వద్దన్న ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచింది. కానీ అది వేసిన ప్రశ్న భూమి ఉన్నవాడి వైపు నుంచి వేసిన ప్రశ్న. గోదావరికి ఉత్తరాన అడవిలో, బొగ్గుబాయిలో అదే ప్రశ్న భూమి పోయినవాడి వైపు నుంచి, జీతం కోతపడ్డవాడి వైపు నుంచి పుట్టింది. నాకు ఆ రెండో చరిత్రే పెద్దదనిపిస్తుంది. దాన్ని చెప్పడానికి మందమర్రిని మించిన ఊరు కనపడదు.

మొదట అడవి. నిజాం పాలనలో 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆదిలాబాద్ అడవులను రిజర్వు చేస్తూ పోయారు. గీత గీసిన మరునాటి నుంచి గోండు, కొలాం రైతు తన తాతల చేనులోనే ఆక్రమణదారుడయ్యాడు. పోడు కొడితే జుల్మానా, పశువు మేస్తే బంచరాయి పన్ను, కట్టె తెస్తే కేసు. జల్ జంగల్ జమీన్ అన్న కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. అప్పుడు గాని ప్రభుత్వానికి దిగ్భ్రాంతి కలగలేదు. హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిచి కారణాలు అడిగింది, ఆయన సలహాతో కొంతమందికి పట్టాలిచ్చింది. సర్కారు హద్దుమీరడం ఈ నేలకు ఎప్పుడు తెలిసిందని ఎవరైనా అడిగితే నేను చూపించేది అడవిలో గీసిన ఆ గీతనే.

తర్వాత కంపెనీ. 1886లో నిజాం నుంచి గనుల హక్కు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. 1960 నుంచి రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. అంటే బెల్లంపల్లి తర్వాత మందమర్రిలో కళ్యాణిఖని బాయిలు తెరుచుకుని ఊరు పెరిగేనాటికి యజమానీ ప్రభుత్వమూ ఒక్కరే. జీతమిచ్చేది, క్వార్టరిచ్చేది, నల్లా తిప్పేది, కరెంటు తీగ లాగేది, దవాఖాన నడిపేది సింగరేణే. ఈ సదుపాయాలను చులకన చేయను. చుట్టుపక్కల పల్లెలకు లేని నీళ్లు, వైద్యం కార్మికవాడకు ఉండేవి. కానీ యజమానితో తగువొస్తే తీర్చడానికి వచ్చే కలెక్టరూ, లాఠీ పట్టుకొచ్చే పోలీసూ ఆ యజమాని మనుషులే అయితే కార్మికుడు ఎవరి గడప తొక్కాలి?

అమెరికాలో ఈ చిక్కు ముందే ఎదురైంది. షికాగో పక్కన పుల్‌మన్ అనే రైలుపెట్టెల కంపెనీ సొంతంగా ఊరు కట్టింది. జీతాలు తగ్గించి ఇళ్ల అద్దె మాత్రం తగ్గించకపోవడంతో 1894లో పెద్ద సమ్మె జరిగింది. ఫ్యాక్టరీకి అవసరం లేని ఊరి ఆస్తులను వదులుకోవాలని 1898లో ఇలినాయ్ సుప్రీంకోర్టు ఆ కంపెనీని ఆదేశించింది. ఊరంతా కంపెనీదే అయినా అక్కడి వీధిలో మనిషి మాట్లాడే హక్కు పోదని 1946లో మార్ష్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ప్రైవేటు యజమాని మీద తీర్పు చెప్పడానికి ప్రభుత్వపు కోర్టు వేరే నిలబడి ఉంది. మన బొగ్గు పట్టణాల్లో యజమాని ప్రభుత్వమే కాబట్టి ఆ ఎడం మొదటి నుంచీ తక్కువ.

అది ఎంత తక్కువో 1981లో తెలిసింది. అప్పటి వేతన చెల్లింపుల చట్టంలో ఒక నిబంధన ఉండేది. పదిమంది, ఆపైన కూడబలుక్కుని నోటీసూ, తగిన కారణమూ లేకుండా పనికి రాకపోతే, రాని రోజు జీతమే గాక ఎనిమిది రోజుల దాకా జీతం యజమాని కోసుకోవచ్చు. బాయిలో ఇది ఎలా పని చేస్తుందో చూడండి. కప్పు కూలే ప్రమాదం ఉందని షిఫ్టు మొత్తం దిగనన్నదనుకుందాం. ఆ అనుమానం నిజమో కాదో తేల్చేది మేనేజ్‌మెంటు. నిజం కాదంటే ఒక్క రోజు సమ్మెకు తొమ్మిది రోజుల తిండి పోతుంది. ఈ కోతను ఎదిరిస్తూ ఆ ఏడాది బొగ్గుబెల్టులో 56 రోజులు సమ్మె సాగింది. బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్ దానికి ఆయువుపట్లు. పాత యూనియన్ల మీద నమ్మకం పోయిన కార్మికుల నుంచి సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట సికాస, పుట్టింది.

తర్వాతి పదిహేనేళ్లు ఈ ప్రాంతానికి కష్టకాలం. అంతకుముందే 1978 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసులపై కాల్పులు జరిగాయి. 1992లో ప్రజాభద్రతా చట్టం కింద పీపుల్స్‌వార్‌తో పాటు సికాసనూ నిషేధించారు. అక్కడి నుంచి యూనియన్ మాట మాట్లాడిన ప్రతి కుర్రవాడూ అనుమానితుడే. సికాస తుపాకీ కూడా జనాన్ని అడిగి పేలలేదు, దాని తీర్పులకూ అప్పీలు లేదు. రెండు తుపాకుల మధ్య నిలబడి చట్టబద్ధ పాలన గురించి మాట్లాడిన పౌరహక్కుల నాయకులు కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు ఈ చరిత్రలో అసలైన స్వేచ్ఛావాదులని నా నమ్మకం. వారు ఆ పేరు పెట్టుకోలేదు, ఆ ఆర్థిక సిద్ధాంతాన్ని ఒప్పుకునేవారూ కాదు. కానీ రాజ్యం తన చట్టానికి తాను లోబడాలన్న పట్టుదల వారి దగ్గర ఉన్నంతగా మార్కెట్ గురించి మాట్లాడేవారి దగ్గర నాకు కనపడలేదు.

ఇక భూమి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆదిలాబాద్ జిల్లాలో చాలా గ్రామాలు ఐదో షెడ్యూలులోకి వచ్చాయి, మందమర్రీ అలాగే ఏజెన్సీ గ్రామమైంది. రంగా పార్టీ పుట్టిన 1959లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన తెచ్చింది. 1963లో దాన్ని తెలంగాణకు వర్తింపజేశారు. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన సవరణే అందరి నోట వినపడే వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరుడు ఆదివాసి నుంచి కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడి నుంచీ కొనకూడదు. అమ్మితే ఆదివాసికే అమ్మాలి. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

పుస్తకం ప్రకారం చూసే స్వేచ్ఛావాది ఇక్కడ వెంటనే తీర్పు చెప్పేస్తాడు: ఇద్దరు ఇష్టపడి చేసుకునే బేరంలోకి సర్కారు ఎందుకు దూరింది అని. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. అడవిని రిజర్వు చేసి ఆదివాసిని రోడ్డున పడేసినప్పుడు, అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని షావుకారు చేను రాయించుకున్నప్పుడు అక్కడ ఇష్టపూర్వక బేరం జరగలేదు. ముందు జరిగిన దోపిడీకి వేసిన అడ్డుకట్ట ఇది. దాన్ని తీసేయమనడం దోపిడీకి రసీదు ఇవ్వడమే.

అయితే ఆ నిబంధన బొగ్గు పట్టణం మీద ఎలా పడిందో చూడాలి. ముప్పై ఐదేళ్లు బాయిలో దిగిన కార్మికుడు రిటైరవుతాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. పిల్లలు పుట్టి పెరిగిన ఊరు కాబట్టి ఇక్కడే ఓ చిన్న ఇల్లు కొంటాడు. గిరిజనేతరుడైతే ఆ అమ్మకం రిజిస్టరు కాదు. సంతకాలు పెట్టిన స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, మున్సిపాలిటీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకుంటాడు. బ్యాంకుకు పోతే ఇంటి అప్పు పుట్టదు. చనిపోతే కొడుకుల మధ్య పంచాయితీ ఆ కవరు చుట్టే. పొమ్మన్నదీ సర్కారే, ఉండడానికి దారి చూపనిదీ సర్కారే. ఇక ఆదివాసి సంగతి. ఆయన్ని షావుకారు నుంచి కాపాడిన సర్కారు, గని కోసం భూమి తానే తీసుకున్నప్పుడు ఆయన్ని అడగలేదు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం భూయజమానుల ఒప్పుదల కావాలంది. ప్రభుత్వ కంపెనీ తన కోసం తీసుకుంటే ఆ షరతు లేదు. 1957 నాటి బొగ్గు భూముల చట్టమైతే ఆ కొత్త చట్టం పరిధి నుంచే దాదాపుగా బయట ఉంది, పరిహారం, పునరావాసం మాత్రమే దానికి జతకలిశాయి.

ఓటు ఎక్కడ పోయిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. 1992లో 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు ఎన్నికలను తప్పనిసరి చేసింది. కానీ 243-జడ్‌సీ అధికరణం ప్రకారం ఆ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు దానంతటదే వర్తించదు, పార్లమెంటు వేరే చట్టం చేయాలి. పల్లెల కోసం 1996లో పెసా చట్టం వచ్చింది, గ్రామసభకు కొంత బలం చిక్కింది. పట్టణాల కోసం 2001 జులైలో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. మందమర్రి పంచాయతీగా ఉన్నట్లయితే పెసా కింద గ్రామసభ ఉండేది. షెడ్యూలు బయటి పట్టణమైతే పాలకవర్గం ఉండేది. రెండింటికీ మధ్యన పడి రెండూ లేకుండా పోయింది. షెడ్యూల్డు ప్రాంతంలోని పట్టణానికి ఎన్నికలు పెట్టడం సాధ్యం కానిదేమీ కాదు. జార్ఖండ్‌లో రాంచీ జిల్లా షెడ్యూల్డు ప్రాంతమే అయినా రాంచీ కార్పొరేషన్‌కు 2008, 2013, 2018లో ఎన్నికలు జరిగాయి.

ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఏం పోతుందో డబ్బు లెక్కలో చెబుతాను. బొగ్గు మీద రాయల్టీ విలువలో 14 శాతం. పాత లీజుల మీద ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము 2015 చట్ట సవరణ తర్వాత జిల్లా ఖనిజ ట్రస్టుకు చేరుతోంది, గనుల వల్ల నష్టపోయినవారి కోసం. దుమ్ము పీల్చేది, పేలుళ్లకు గోడలు బీటలువారేది ఓపెన్‌కాస్టు పక్కన ఉన్న వాడల్లో. ఖర్చు ఎక్కడ పెట్టాలో తేలేది జిల్లా కేంద్రంలో. ఆ బల్ల దగ్గర మందమర్రి తరఫున ఈ ఊరే ఎన్నుకున్న మనిషి కూర్చోడు.

2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు సింగరేణి మొత్తం సమ్మె కట్టింది. కేంద్రం వేలానికి పెట్టిన నాలుగు బ్లాకుల్లో కళ్యాణిఖని బ్లాక్-6, శ్రావణపల్లి మందమర్రి వైపువే. మిగతావి కోయగూడెం, సత్తుపల్లి. గుత్తాధిపత్యం పోయి పోటీ వస్తే మంచిదని స్వేచ్ఛావాది అంటాడు, సింగరేణి ప్రజల ఆస్తి అని యూనియన్ అంటుంది. ఈ వాదనలో రెండు వైపులా బలముంది. నన్ను బాధించేది వేరే. ఆ బొగ్గు మీద నివసించేవారి అంగీకారం ఢిల్లీ వేలంలోనూ, వేలం లేకుండా నామినేషన్ మీద సింగరేణికే ఇవ్వాలన్న హైదరాబాద్ కోరికలోనూ లెక్కలోకి రాలేదు. కంపెనీ మారినా, సర్కారే నడిపినా, భూమి తీసుకునే పద్ధతి మారనంతకాలం ఇక్కడివారికి తేడా జీతం చీటీలో ఉంటుంది తప్ప హక్కులో ఉండదు.

ఆదివాసి సంఘాల భయం అర్థం చేసుకోదగ్గదే. ఎన్నికలు పెడితే గిరిజనేతరుల సంఖ్యాబలం పాలకవర్గాన్ని చేజిక్కించుకుని, వన్ ఆఫ్ సెవెంటీని నీరుగార్చమని తీర్మానాలు చేస్తుందని వారి అనుమానం. గిరిజనేతరుల భయం ఇంకోటి: పెసాలో లాగా అధ్యక్ష పదవి ఎప్పటికీ తమకు దక్కదని. రెండు భయాలకూ జవాబు చట్టంలోనే రాయవచ్చు. ఆదివాసులకు అధ్యక్ష పదవి, తగినన్ని వార్డులు, భూమి విషయంలో వారి సభ్యుల మాటకు వీటో. గిరిజనేతరులకు తమ వార్డుల నుంచి సొంత సభ్యులు, పన్ను, నీళ్లు, మోరీల మీద సమానమైన ఓటు, ఉంటున్న ఇంటి మీద అమ్మకానికి వీల్లేకపోయినా వారసత్వంగా నిలిచే నివాస హక్కు. ఇందులో ఏదీ ఒకరి భూమి తీసి ఇంకొకరికి ఇవ్వదు. పెద్దపల్లి నుంచి ఏ పార్టీ మనిషి ఢిల్లీకి వెళ్లినా, మందమర్రి ఓటరు ఆయన్ని ముందుగా అడగాల్సింది 243-జడ్‌సీ కింద ఆ చట్టం కోసం సభలో ఎన్నిసార్లు లేచి నిలబడ్డారని.