స్పానిష్ 'అబ్రీయా అబ్లాదో': కాలమా, సంభావనా?

'అబ్రీయా అబ్లాదో' అనే స్పానిష్ సంయుక్త క్రియకు తెలుగులో 'మాట్లాడి ఉండేవాడు' సమీపార్థకం. జరగడానికి అవకాశమున్నా జరగని పనిని ఇది చెబుతుంది. దీనికి మూలమైన '-ఈయా' రూపం కాలబోధకమా, సంభావనాబోధకమా అన్నది స్పానిష్ వ్యాకరణ చరిత్రలో దీర్ఘకాలం నలిగిన ప్రశ్న.

నిర్మాణం సులభం. 'అబేర్' అనే సహాయక క్రియ పురుష, వచనాలను బట్టి అబ్రీయా, అబ్రీయాస్, అబ్రీయా, అబ్రీయామోస్, అబ్రీయాయిస్, అబ్రీయాన్ అని మారుతుంది. దానికి భూతకృదంతం చేరుతుంది. నియత క్రియలలో 'ఆర్' అంతమైనవి 'ఆదో'ను (అబ్లాదో), 'ఏర్', 'ఈర్' అంతమైనవి 'ఈదో'ను (కొమీదో, బిబీదో) గ్రహిస్తాయి. మధ్యయుగ కాస్తిల్యంలో కర్మ లింగవచనాలను అనుసరించగలిగిన ఈ కృదంతం తరువాత 'ఓ'కారాంతంగా స్థిరపడింది.

'-ఈయా' ప్రత్యయం కూడా ఒకప్పుడు 'అబేర్' క్రియారూపమే. వ్యావహారిక లాటిన్‌లోని 'కాంతారె హాబేబామ్' (పాడవలసి ఉండింది) కుదించుకొని 'కాంతారీయా' అయింది. పాత కాస్తిల్యంలో ధాతువుకూ ప్రత్యయానికీ నడుమ సర్వనామం రాగలగడం ఇందుకు సాక్ష్యం. కనుక 'అబ్రీయా అబ్లాదో'లో 'అబేర్' రెండుసార్లు ఉంది: సహాయక క్రియగా ఒకసారి, దాని ప్రత్యయంగా మరొకసారి.

అంతోనియో దె నెబ్రిహా 1492లోనే ఈ సంయోగాన్ని గుర్తించినా, '-ఈయా' రూపాన్ని సంభావనార్థక వర్గంలో చేర్చాడు. ఆంద్రేస్ బెయ్యో 1847 నాటి వ్యాకరణంలో దాన్ని నిశ్చయార్థంలో నిలిపి, సంయుక్త రూపానికి 'అంతెపోస్ప్రెతేరితో' అని పేరు పెట్టాడు. గతం తరువాతి బిందువుకు ముందు ముగిసిన క్రియ అని దాని భావం. 20వ శతాబ్దిలో రాజ అకాడమీ 'పొతెన్సియాల్' అనే ప్రత్యేక వర్గాన్ని పాటించింది. 1973 నాటి 'ఎస్బోసో' ఆ రూపాలను తిరిగి నిశ్చయార్థంలోకి తెచ్చింది.

బెయ్యో వాదానికి బలం అనువాద వాక్యాలలో (ఇతరుల మాటను తిరిగి చెప్పే వాక్యాలలో) ఉంది. 'దీహో కె అబ్రీయా తెర్మినాదో' అన్నప్పుడు షరతు లేదు. గతంలో నిలబడి చూసిన భవిష్యత్తే ఉంది. తెలుగు దీన్ని 'ముగించి ఉంటానన్నాడు' అంటుంది. 'అని' వల్ల వక్త మాటలోని కాలం మారదు, 'ఉండేవాడు' రాదు. 'వచ్చి ఉంటే మాట్లాడి ఉండేవాడు' వంటి ఊహా వాక్యాలలోనే రెండు భాషలు కలుస్తాయి. అందువల్ల 'ఉండేవాడు' ఒక్కటే సమానార్థకమని గ్రహిస్తే ఈ రూపంలోని సంభావన మాత్రమే తెలుగువారికి అందుతుంది. బెయ్యో గుర్తించిన కాలం మరుగున పడుతుంది.