ఫోర్బ్స్ బాట

యుద్ధచరిత్రలు చదువునపుడు మనము సేనానులను తలచుకొందుము, పిండిబస్తాలు మోసిన బండ్లను మరతుము. అమెరికాలో 1758లో వెలసిన ఫోర్బ్స్ బాట కథ ఆ బండ్ల కథయే.

ఒహాయో నది మొదలగు సంగమస్థలమున ఫ్రెంచివారికి డ్యూకేన్ కోట యుండెను. 1755లో దానిపైకి నడచిన బ్రాడక్ సేనాని ఓడి మరణించెను. మూడేండ్లకు ఆ పని జాన్ ఫోర్బ్స్‌పై బడెను. వర్జీనియాకు చేరువగా నున్న బ్రాడక్ దారినే పోవలెనని జార్జి వాషింగ్టన్ వాదించెను. ఫోర్బ్స్ అంగీకరింపక, పెన్సిల్వేనియా నుండి అలెగెనీ కొండలమీదుగా క్రొత్త దారి తీయించెను. బెడ్‌ఫర్డ్, లిగొనియర్‌లవద్ద కోటలు కట్టించి, ఆహారము నిలువచేయుచు మెల్లగా సాగెను. వ్యాధిగ్రస్తుడైన ఆయనను గుఱ్ఱముల నడుమ కట్టిన డోలీలో కొనిపోయిరి.

అక్టోబరులో ఈస్టన్ సంధియందు, కొండలకు పడమట వలసలు నెలకొల్పమని ఆంగ్లేయులు మూలవాసులకు మాట యిచ్చిరి. దానిని నమ్మి పలు తెగలవారు ఫ్రెంచివారికి దూరమైరి. నవంబరు 24న ఫ్రెంచివారు కోటను తగులబెట్టి వెడలిపోయిరి. మరునాడు ఫోర్బ్స్ సేన ఆ స్థలమును గైకొనెను. అదియే నేటి పిట్స్‌బర్గ్.

ఆంగ్లేయుల మాట నిలువలేదు. సేనకై వేసిన బాటనే వలసజనము నడచెను. 1763లో మూలవాసులు తిరుగబడి పిట్ కోటను ముట్టడింపగా, బూకే సేనాని ఈ బాటనే తరలివచ్చెను. బుషీ రన్ పోరులో క్షతగాత్రులకు అడ్డుగా పేర్చినవి పిండిబస్తాలే.

బాట ఎవరికి అన్నము తెచ్చెనో, ఎవరి నేలను హరించెనో, రెండును కలిపి చూచిననే మనకు దాని చరిత్ర తెలియును.